నేను నేర్చుకోని ప్రశ్న

సుజాతా,

నువ్వు పోయి ఏడాదైంది. ఈరోజు పాపకు సీటు కోసం తిరుమలగిరి స్కూలుకు వెళ్లాం. వంట చేస్తూ నువ్వు ఇంగ్లీషులో ప్రశ్నలడిగి నాతో జవాబులు చెప్పించేదానివి కదా, ఇంటర్వ్యూలో మేడమ్ కూడా అవే అడిగింది. తడబడకుండా చెప్పాను.

చివర్లో, మీరేమైనా అడగాలా అని ఇంగ్లీషులోనే అంది. నాకు జవాబులే తప్ప ప్రశ్నలు రావు.

పాప నా వేలు లాగింది. "గట్ల సూస్తవేంది నాన్నా, అడుగు!"

తెలుగులోనే అడిగేశాను. "పాపకు అమ్మ లేదు మేడమ్. ఏడిస్తే జెర దగ్గరికి తీసుకుంటరా?"

ఆమె ఏదో రాసుకుని, లిస్టు సోమవారం పెడతామంది. తెలుగులో మాట్లాడినందుకు సీటు పోతుందేమోనని భయంగా ఉంది. అంతకన్నా, నేనడిగినదానికి ఆమె ఏమీ చెప్పలేదనే నా దిగులు.