ఇద్దరికి మించి నడవరాదు

అక్కా,

ఆదివారం పరుగుపందేనికి నువ్వు గానీ, నీతో లాండ్రీలో పనిచేసినవాళ్లు గానీ రావద్దు. ఈ ఏడాది నుంచి నడిచేవాళ్లను కమిటీ తీసేసింది.

దానికి కారణం నేనే. పోయినసారి ఎవరో అయిదుగురు చేతులు పట్టుకుని దారంతా ఆక్రమించి నడుస్తుంటే, వెనక పరిగెత్తేవాడు తప్పుకోబోయి పడి మోకాలు పగలగొట్టుకున్నాడు. ఒళ్లు మండి కమిటీకి ఉత్తరం రాశాను. నడిచేవాళ్లు ఇద్దరికి మించకుండా అంచున వెళ్లాలి, ఆగేముందు చెయ్యెత్తాలి, పరిగెత్తేవాళ్లు కేకేసి మరీ దాటాలి అన్నాను. ఇందులో తప్పేముందో ఎవరినైనా చెప్పమను!

వాళ్లు సగం చదివి నడకే రద్దు చేశారు. నిన్న మీటింగులో గంటసేపు పోట్లాడాను. కార్యదర్శి నవ్వుతూ, "మాస్టారూ, ఫిర్యాదు మీది, సంతకం మీది. ఇప్పుడు మా మీద ఎగిరితే ఎలాగండీ?" అన్నాడు. పరిగెత్తలేనివాళ్లకు రోడ్డు మీద హక్కు లేదా అని అడిగితే టీ తెప్పించాడు.

పక్షవాతం వచ్చాక చెరోవైపు ఒకరు పట్టుకుంటే తప్ప నువ్వు నడవలేవని నాకు తెలుసు. "ఇద్దరికి మించకుండా" అని రాసేటప్పుడు మాత్రం గుర్తురాలేదు. అంటే, నా మాట వాళ్లు పూర్తిగా విన్నా నీకు చోటుండేది కాదు. ఈ సంగతి మీటింగులో నేను చెప్పలేదు.

మళ్లీ రాస్తాను గానీ వాళ్లు మారరు. డ్యూటీ దిగాక రోజూ వచ్చి నిన్ను వరండాలో నడిపించిన ఆ లాండ్రీవాళ్లిద్దరికీ నువ్వే చెప్పు. నాకు మొహం చెల్లడం లేదు.

నీ తమ్ముడు