వంట బండ ఎవరి ఎత్తుకు?

డానియేలు బావా, దేవుని దయతోటి నా చెల్లె కాన్పు మంచిగైంది, తల్లీపిల్లా బాగున్నరు, ఫికర్ చెయ్యకు.

మన డబ్లిన్ ఇంటికి నువ్వు చూసిన కొత్త వంటిల్లు ఫోటో రాజమణి పెద్దమ్మకు చూపిచ్చిన. షాపుల వంట బండ మీద చెయ్యేసి నవ్వుకుంట నిలబడ్డవు, గదే. రంగులు, అల్మారాలు ఆమె చూడనే లేదు. "బండ ఎవరి ఎత్తుకు పెడుతున్నరే?" అన్నది. షాపాయన నిన్నే నిలబెట్టి కొలిచిండని చెప్పిన. ఇగ ఊకుంటదా, మా బండ మీద పీటలు పేర్చి, గంత ఎత్తుల నాతోటి చపాతీలు వత్తిచ్చింది. రెండో దానికే భుజాలు గుంజినయ్. పాప సంగతి నీకు రాద్దామని తెచ్చిన ఈ కార్డే నా మోచేతి కింద నిలువుగ పెట్టి, "బండ గీడికి రావాలె" అన్నది.

గందుకే ఫోన్ల చెప్పలే. నా మోచెయ్యి నీ ప్యాంటు జేబు కాడికొస్తది. నిటారుగ నిలబడి, జేబు మూతి నుంచి కిందికి ఈ కార్డు నిలువుగ పట్టు. కార్డు ఆగిన కాడ బండ. గప్పటిదాక షాపాయనను పని ఆపమను.

సొరుగులు వాటంతటవే మెల్లగ మూసుకుంటయంట, నిజమేనా? మూల అల్మారాల మన పెద్ద డేగిసా గిన్నె పడుతదా? మంట లేని పొయ్యి మీద పుల్కా ఎట్ల పొంగుతది? అడిగి చెప్పు.

మన బిడ్డ సోనీకి ముద్దులు, చర్చిల అందరికి వందనాలు.

నీ ఎత్తుకే ఉండాల్నంటే ఉంచు బావా, నేను అడ్డం చెప్ప. ఇగ చపాతీలు నువ్వే వత్తుతవని పెద్దమ్మకు చెప్త.

నీ సలోమి