వంతకు విడిచిన జాగా

అజీజియా, అల్ ఖోబర్, సౌదీ.

మా అన్న రాజన్నకు తమ్ముడు మల్లేశం చేతులెత్తి మొక్కి రాస్తున్నది. నా ఒళ్లు బాగానే ఉంది. నువ్వు, వదిన, పిల్లలు కూడా బాగున్నారనుకుంటున్నాను. వదినకు మోకాలి నొప్పి తగ్గిందా? యుద్ధం అయిపోయింది, నాకేమీ కాలేదు, మీరు భయపడవద్దు.

గాలి ఇటు మళ్లిన రోజు మాత్రం కువైట్‌లో కాలుతున్న చమురు బావుల పొగ వచ్చి కమ్ముకుంటుంది. పగలే లైట్లు వేసుకుంటున్నాం. ఉతికి ఆరేసిన బనీను ఆరేలోపు మళ్లీ ఉతకాలి. పని పాతదే, కాంపౌండ్‌లో సార్ల ఇళ్లకు ఏసీలు బాగుచేయడం. తిండీ పాతదే, ఖుబూస్ రొట్టె, పప్పు. నాకేమీ కాలేదని మళ్లీ చెబుతున్నాను, వదినకు చదివి వినిపించు.

నీ ఉత్తరం అందలేదని రాద్దామనుకున్నాను. అది అబద్ధం. సైరన్లు మొదలుకాకముందే అందింది. పాటకు పిలుస్తున్నారు, వంతకు ఓదేలును పెట్టుకోనా అని అడిగావు. నాకు ఒళ్లు మండింది. పదేళ్లు నువ్వు కట్టిన ప్రతి పాటకూ వంత పాడింది నేను. నేను వచ్చి రెండేళ్లయినా కాలేదు, అప్పుడే నా జాగాలో ఓదేలా? పాట కన్నా దగ్గు ఎక్కువ వచ్చే ఓదేలా? ఉత్తరం పరుపు కింద పెట్టేసి ఊరుకున్నాను. నా జవాబు కోసం చూస్తూ నువ్వు జాతరకు కూడా పోలేదని మొన్న వదిన రాయించింది. సిగ్గేసింది. అయినా వెంటనే రాయలేదు. ఇప్పుడెందుకు రాస్తున్నానో చెబుతాను.

ఇక్కడ డేవిడ్ సారని ఒక అమెరికా ఇంజినీరు ఉండేవాడు. యుద్ధానికి ముందు పెళ్లాం పిల్లలతో దేశం వెళ్లిపోతూ, వారానికోసారి ఏసీ వేయమని, కుండీలకు నీళ్లు పోయమని తాళం నాకిచ్చాడు. ఆ ఇంట్లో పెట్టె నిండా రికార్డులు. మైకుసెట్టు గంగారాం వెంట తిరిగి పెళ్లిళ్లలో రికార్డులు మార్చినవాణ్ని, నా చేయి ఆగుతుందా? అన్నిటి అడుగున ఒకటి పైన ప్లాస్టిక్ కూడా చింపకుండా ఉంది. అట్ట మీద ఒక మనిషి గిటారు పట్టుకుని కంచె పక్కన ఒక్కడే నిలబడ్డాడు. ప్లాస్టిక్ చింపి, పక్కనే ఉన్న ప్లేయర్ మీద పెట్టాను.

మాట ఒక్కటీ అర్థం కాలేదు అన్నా. కానీ అది ఊరి పాటే, నాకు తెలుసు. అతడు ఒక చరణం పాడి ఆగుతాడు. గిటారు మోగుతూనే ఉంటుంది, గొంతు ఉండదు. మళ్లీ ఎత్తుకుంటాడు. ఆ ఆగినచోట నా నోరు దానంతటదే తెరుచుకుంది, నీ వెనక అందుకున్నట్టే అందుకున్నాను. ప్రతి వారం పోయి పాడాను. ఒక సాయంత్రం సరిగ్గా ఆ ఖాళీలోనే సైరన్ మోగింది. అతడు దీని కోసమే ఆగాడా అనిపించింది. బల్ల కింద దూరాను. సైరన్ మోగుతుండగానే అతడు పాట ఎత్తుకున్నాడు.

పోయిన వారం డేవిడ్ సారు సామాను తీసుకుపోవడానికి ఒక్కడే వచ్చాడు. చిరిగిన ప్లాస్టిక్ చూశాడు. నా పని అయిపోయిందనుకున్నాను. ఆయన నేల మీద కూర్చుని, వెయ్యమని చేయి ఊపాడు. మొదటి ఖాళీ వచ్చినప్పుడు ఆయన పెదవులు కదిలాయి, గొంతు రాలేదు. నేనూ నోరు మూసుకున్నాను. ఖాళీలన్నీ వచ్చి పోయాయి. తర్వాత, సామాను రాసుకుంటున్న గుమస్తా ఖాజా భాయ్‌తో ఏదో చాలాసేపు మాట్లాడాడు. ఖాజా భాయ్‌ది నిజామాబాద్. ఆయన గడప బయటికి వచ్చి నాకు చెప్పాడు.

“పాడేటాయన ఈ సారుకు సొంత అన్న. పాటలు కట్టేది అన్ననే. ఇద్దరు కల్సే పాడేటోళ్లట. ఈయన నౌకరికని ఇటొచ్చిండు. అన్న ఎదురుజూసి ఎదురుజూసి, ఒక్కడే మొదటి రికార్డు చేసిండు. తమ్ముని జాగ తమ్మునికే ఇడిచిపెట్టిండు. ఈయనకు ఇనే ధైర్యం రాక పైన ప్లాస్టిక్ గూడ ఇప్పలే. గింతల్నే అన్న సచ్చిపోయిండు.”

డేవిడ్ సారు సామానంతా లారీకెక్కించి, ఆ ఒక్క రికార్డును చంకలో పెట్టుకుని పోయాడు. నన్ను ఒక్క మాట అనలేదు. తిట్టినా బాగుండేది.

అప్పటినుంచి ఏ ఇంట్లో ఏసీ ఆపినా, ఆ నిశ్శబ్దంలో ఆ ఖాళీ వినిపిస్తోంది. అక్కడ ఆగి నిలబడ్డది ఆ అమెరికా ఆయన కాదు, నువ్వు. నాకు భయమేస్తోంది అన్నా.

నన్ను పనిలో పెట్టుకున్న కఫీల్ నాకు ఊరికి వచ్చే ఎగ్జిట్ కాగితం ఎప్పుడిస్తాడో తెలియదు. ఓదేలును పెట్టుకో. దగ్గుకు మిరియాల కషాయం తాగమను. రెండో చరణం దగ్గర తొందరపడవద్దని నా మాటగా చెప్పు.

మేనత్తకు, గంగారాం మామకు నా దండాలు. పిల్లలకు ముద్దులు. మన ఊరినుంచి ఎవరైనా ఇటు వస్తుంటే కొంచెం మామిడి తొక్కు పంపు. దానితో పాటు నువ్వు పాడిన క్యాసెట్ కూడా పంపు. అందులో ఓదేలు గొంతు వినబడితే నాకు కడుపు మండుతుంది. అయినా పంపు. ఖాళీ మాత్రం వినబడనివ్వకు.

నీ దీవెన కోరే నీ తమ్ముడు,
మల్లేశం