ఆడవాళ్ళ మెట్లు

ట్యూనిస్,
ఆదివారం.

అమ్మకు,

నీ చేతులు ముద్దుపెట్టుకుని రాస్తున్నాను. నేనిక్కడ కులాసా. గాబెస్‌లో నువ్వూ నాన్నా తమ్ముళ్ళూ కులాసాగా ఉన్నారని నమ్ముతున్నాను. చదివి వినిపిస్తున్న ఎస్తేర్ వదినా, చివరిదాకా చదువు, మధ్యలో మింగెయ్యకు.

ఆడపిల్ల దేవుడి ఇల్లు గీయడమేమిటని అడిగావు. గీసేది మా ఆఫీసు ఇంజనీరు బిస్మూత్ గారమ్మా. ముప్పై ఏళ్ళుగా ఆయన కడుతున్నవన్నీ మన యూదుల ప్రార్థన మందిరాలే. ఆయన పెన్సిల్‌తో గీస్తే నేను సిరాతో దిద్దుతాను. తిండికి లోటు లేదు. శుక్రవారం ఆయన భార్య కుస్కుస్ పంపుతారు. నీ చేతి కారం లేదు కానీ తింటున్నాను.

కొత్త మందిరం స్థలానికి తూర్పున పెద్ద వీధి. జెరూసలేం కూడా అటే. తోరా గ్రంథం ఉంచే బీరువా ఆ గోడకే ఉండాలి కదా, మరి తలుపెక్కడ? సంఘం పెద్ద ఉజాన్ గారు గోల పెట్టారు.

"పక్కనున్న బ్యాంకు తలుపు వీధికే కదయ్యా! మనం వీధికి వీపు చూపించాలా?"

"వీధికి చూపిస్తే పోయేదేం లేదు. జెరూసలేంకి చూపించకూడదు" అన్నారు బిస్మూత్ గారు. పటంలో వీధివైపు గేటు పెట్టి, పక్క వాకిలి వెంట వెనక్కి నడిపించి, తూర్పుముఖంగా లోపలికి తెచ్చారు. అందరూ మెచ్చుకున్నారు.

అప్పుడు ఉజాన్ గారు, "వాకిలి ఇరుకవుతుంది. ఆడవాళ్ళు కూర్చునే మేడకి మెట్లు వెనక చేపలమ్మే సందులో పెట్టండి" అన్నారు.

అమ్మా, మన ఊళ్ళో నువ్వు పండగ బట్టలు ఎత్తిపట్టుకుని, తోళ్ళు నానబెట్టే కాలువ దాటి మందిరం వెనక మెట్లెక్కడం కళ్ళముందు మెదిలింది. నోరు ఊరుకోలేదు.

"ముందు మీ అమ్మగారిని ఓసారి ఆ సందులో నడిపించండి. ఆ మెట్లు నేను గీయను."

"రంగులద్దేవాడి కూతురు మనకి దారి చూపిస్తోందిరోయ్!" అని ఆయన నవ్వారు.

ఆ మాట ఆయన తల్లి చెవిన పడిందట. "చచ్చాక ఎటునుంచైనా మోసుకుపోరా. కాళ్ళాడుతుండగా ఆ సందులో అడుగు పెట్టను" అందట ముసలావిడ. మెట్లు వాకిట్లోకి వచ్చేశాయి.

వదినా, ఇక్కడ నెమ్మదిగా చదువు. ఉజాన్ గారు ఊరికే ఒప్పుకోలేదు. పటాలు పూర్తికాగానే నేను బిస్మూత్ గారి ఆఫీసు వదిలిపోవాలన్నారు. బిస్మూత్ గారు కాగితాలు చుట్టేసి లేచారు. "మనకీ పనే వద్దు, పద అమ్మాయ్!" అన్నారు. వద్దని ఆయన్ని నేనే ఆపాను. సరేనన్నదీ నేనే.

పెళ్ళి సంబంధం సంగతి రాశావు. ఇప్పుడు రాలేను. స్ఫాక్స్‌లో మరో మందిరం కడుతున్నారు, పని అడుగుతాను. కాదంటే సూస్‌లో అడుగుతాను. మన ఇంట్లో మొదట బడికి పంపింది నన్నేగా, ఆ చదువు ఊరికే పోనివ్వను.

మందిరం తెరిచేనాడు నువ్వు తప్పక రావాలి. పెద్దల వరుసలో నాకు చోటుండదు. మనిద్దరం కలిసి ఆ మెట్లెక్కుదాం, పెద్ద వీధిలోంచే.

ఇట్లు,
నీ మాట వినని పెద్దకూతురు,
గజాలా.