ఏడు ఎనిమిదులు

8 ఫిబ్రవరి 1999, ఉదయం 11

అమ్మకు స్ట్రోక్ వచ్చి నాలుగో రోజు. కుడి చెయ్యి లేవడం లేదు. మాట లేదు. కూకట్‌పల్లి బడిలో ముప్పై ఏళ్లు గొంతు చించుకున్న సారమ్మ టీచర్‌కి నీళ్లు అడగడం కూడా రావడం లేదు.

స్కాన్ ఫిల్మ్ కిటికీ వెలుగుకి పెట్టి చూశాను. మచ్చ కుడివైపుంది. రిపోర్టులో ఎడమ అని రాశారు. హైటెక్ సిటీలో నాది టెస్టింగ్ ఉద్యోగం, తప్పులు పట్టడమే పని. పరుగున వెళ్లి డాక్టర్‌తో గొడవపడ్డాను. ఫిల్మ్‌లో కుడి అంటే పేషెంట్‌కి ఎడమట, ఎదురుగా నిలబడి చూసినట్టు. కుడి చేతిని నడిపేది కూడా ఎడమ మెదడేనట. పరువు పోయింది.

11 ఫిబ్రవరి

స్పీచ్ థెరపిస్ట్ ఉదయశ్రీ ప్లాస్టిక్ మెదడు తెచ్చింది. రెండు సగాలూ ఒకేలా ఉన్నాయన్నాను. కాదంది. చాలామందికి ఎడమ చెవి పక్కన లోపలి మడత ఒకటి కుడివైపు కన్నా పొడుగట. మాట ఎక్కువగా ఆ సగానిదే. రాగంలో మాత్రం కుడి సగానికి పెద్ద వాటా ఉందట. అందుకే మాట పోయినా కొందరు పాడతారట. ఇన్నాళ్లూ నా మెడ మీద ఉన్నది ఒకే తల అనుకున్నాను.

12 ఫిబ్రవరి

అమ్మకు పాటలు రావు. చర్చిలో కూడా ఊరికే పెదాలు కదిపేది.

19 ఫిబ్రవరి, మధ్యాహ్నం

పూటకు మూడు మాత్రలు, మూడు పూటలు. లెక్కేస్తూ పైకే, మూడు మూళ్లు, అన్నాను.

అమ్మ, తొమ్మిది, అంది.

ఆగలేదు. మూడు నాలుగులు పన్నెండు, మూడు ఐదులు పదిహేను, అదే బడి రాగం. పదోది దాకా లాగింది. ఆయా బాలమ్మ ఇంత గొంతు ఏడ దాచినవ్ టీచరమ్మా అని ముక్కున వేలేసుకుంది. నాకు ఏడుపొచ్చింది. నుదుటి వెనక అంత చీకటి, దాని పక్కనే ఎక్కాలు చెక్కుచెదరకుండా ఉన్నాయి.

తర్వాత నా పేరు అనమన్నాను. నోరు తెరిచి, రాక, మొహం తిప్పుకుంది.

22 ఫిబ్రవరి

ఎక్కం అలవాటు, దాన్ని మాట కింద లెక్కెయ్యలేం అంది ఉదయశ్రీ. తనంతట తాను అనుకుని ఒక్క మాట అనాలట. అది వస్తే దారి ఉన్నట్టే. రాకపోతే?

3 మార్చి

ఏడో ఎక్కం ఇద్దరం కలిసి చెప్పాం. చిన్నప్పుడు నేను అమ్మ చేత తొడపాశం తిన్నచోటే మళ్లీ జారాను. ఏడు ఎనిమిదులు యాభై నాలుగు అన్నాను.

అమ్మ ఆగింది.

"తప్పు."

రాగం లేదు. ఎడమ చెయ్యి నా తొడ వెతుక్కుంటోంది.