గ్రేసక్క ఆదివారాలు

శనివారం, భీమడోలు

రొయ్యల ప్లాంటులో నన్ను లైన్ సూపర్‌వైజర్ని చేశారు. న్యాయంగా అది గ్రేసక్కకి రావాలి. నాకు పని నేర్పిందే ఆవిడ.

పొద్దున మేనేజరు, "ఆవిడకిస్తే ఆదివారం చర్చి అంటుందయ్యా. నువ్వయితే మనవాడివి" అన్నాడు. ఆవిడ ఒక్క ఆదివారం కూడా డ్యూటీ మానలేదని నాకు తెలుసు. ప్రార్థనకి సాయంత్రం డ్యూటీ దిగాకే వెళ్తుంది. ఆ మాట వాడి మొహం మీదే చెప్పాల్సింది. ఆ పోస్టు నాకూ కావాలి కదా, "సరేనండీ" అన్నాను. లోపల రగిలిపోతూ కూడా 'అండీ' మర్చిపోలేదు, ఛీ.

సాయంత్రం గ్రేసక్కే వచ్చి, "ఏం తమ్ముడూ, స్వీట్లేవి? మూతి ముడుచుకున్నావేంటి?" అని నవ్వింది. నిజం చెప్పలేకపోయాను.

రేపటి డ్యూటీ లిస్టు నేనే రాయాల్సొచ్చింది. ఆదివారం కదా, గ్రేసక్క తప్ప అందరూ సాకులు చెప్పారు. మొదటి పేరు ఆవిడదే రాశాను.