చెయ్యే చూశాను మామా

మామా,

ఎట్లున్నావు? నువ్వు పోయి పదకొండు నెలలైంది. నీకు చదువు రాదని తెలిసీ రాస్తున్నాను. ఊళ్ళో ఎవరికి ఉత్తరం వచ్చినా నేనే చదివిపెట్టేదాన్ని గానీ, నీకు మాత్రం ఇన్నేళ్ళలో ఒక్క ముక్క రాయలేదు. రాసే అవసరమేముంది... ముప్పై ఏళ్ళు ఒకే తెర వెనక భుజం భుజం ఆనుకుని బొమ్మలాడించినవాళ్ళం.

నిన్న మధ్యాహ్నం చూసింది నీకు చెప్పకపోతే ముద్ద దిగేట్టు లేదు.

ముందు ఇంటి సంగతులు. ఈ ఏడు కూడా శెనక్కాయ మాడిపోయింది. మీ తమ్ముడు మద్దెల అటకెక్కించి కొత్తచెరువులో తాపీపనికి పోతున్నాడు. మన తోలుబొమ్మల పెట్టె నేను తాడేసి కట్టిన చోటే ఉంది. పోయిన వారం చిలమత్తూరు దిక్కునుంచి ఇద్దరు పెద్దమనుషులొచ్చి వానకోసం ఆట ఆడాలమ్మా అన్నారు. మేం ఆట ఇడిసిపెట్టినామప్పా, నా మొగుడు ఆపమనే పోయినాడు అని చెప్పి పంపేశాను. వాళ్ళు వెనక్కి తిరిగి తిరిగి చూస్తూ పోయారు. నాకు బాధ కూడా కలగలేదు. నీకిచ్చిన మాట నిలబెట్టుకున్నాననే అనుకున్నాను.

నిన్న బడి నుంచి డ్రాయింగు అయ్యవారు రమ్మని కబురు పెట్టారు. మన బొమ్మలు చూసి గీసుకుపోయేవారే, ఆయనే. ఏదో పాత ప్రేమ సినిమా, పరాయి దేశానిదంట. కిటికీలకు గోనెపట్టలు కట్టి, టీవీ పెట్టి, ఊరందరినీ కూర్చోబెట్టారు. సినిమా మొదలైంది. మాట లేదు. జనం ఒకటే గోల... సౌండు పోయినాది సార్, దాని నెత్తిన ఒకటి కొట్టండి సార్ అని. వైరు ఊడిందేమోనని నేనూ అనుకున్నా. అప్పుడాయన చెప్పారు, సినిమాకు మాట అతికించడం ఇంకా తెలియని కాలంలో తీసిందంట. నడుమ నడుమ ఇంగ్లీషు అక్షరాలొస్తాయి, అవి మాలో ఎవరికీ రావు.

నాకు నవ్వొచ్చింది. నువ్వుంటే లేచి వచ్చేసేవాడివి. “బొమ్మకు మొగమొకటే ఉంటాదే. ఏడ్చినా అదే, నవ్వినా అదే. గొంతే దానికి పానం” అనేవాడివి కదా... గొంతు లేనిది కూడా ఒక ఆటేనా అని గోడకు ఆనుకుని కూర్చున్నాను.

కథ పెద్దదేం కాదు. ఒక పడవవాడు, ఒక బట్టలు కుట్టే పిల్ల. ఇద్దరికీ ఇష్టం. వాడు దూరదేశం పోయి, ఏళ్ళ తర్వాత జబ్బుతో చిక్కి తిరిగొస్తాడు. అప్పటికి ఆ పిల్లకు ఇంకొకరితో పెళ్ళి కుదిరి ఉంటుంది. వాడు గుమ్మంలో నిలబడి ఏదో చెప్పబోతాడు. ఆ పిల్ల లేచి వచ్చి వాడి నోటి మీద అరచెయ్యి పెట్టి బయటికి నెడుతుంది.

నేను ఎప్పటిమాదిరే చెయ్యే చూశాను. నా కంటికి అదే కదా అలవాటు. మన ఆటలో చెయ్యి ఆడితే ఆ బొమ్మ మాట్లాడుతున్నట్టు, చెయ్యి ఆగితే దాని మాట అయిపోయినట్టు. నోరు మూసింది, నెట్టింది... అంటే పొమ్మంటోంది, కథ తేలిపోయిందనుకున్నా. పక్కన గంగమ్మవ్వ ముక్కు చీదుతోంది. ఎందుకవ్వా ఏడుస్తావు అంటే, దాని మొగం సూడమ్మే, పొమ్మంటాందా అది, ఉండమంటాంది అనింది.

అప్పుడు చూశాను ఆ పిల్ల మొహం.

ఏం చెప్పను మామా... చెయ్యి నెడుతూనే ఉంది, కళ్ళు మాత్రం వాడిని పట్టుకుని వదలడం లేదు. రెప్ప వెయ్యలేదు. కింది పెదవి ఒక్కసారి అదిరితే పళ్ళకింద ఆపుకుంది. చిన్న నవ్వు రాబోయి, రాకుండానే పోయింది. కన్నీళ్ళు లేవు, గుండెలు బాదుకోవడం లేదు. పుట్టి బుద్ధెరిగి అట్లాంటి ఆట చూడలేదు. ఎక్కడి పిల్లో, ఏనాడో పోయి ఉంటుంది, ఏ భాషదో కూడా తెలియదు... దాని మనసులో మాట మన గంగమ్మవ్వకు ఎట్లా అందింది?

ఆ మొహం నేను ముందే చూశాను. మన ఇంట్లోనే చూశాను.

నీకు గొంతు ఆపరేషన్ చేసి మాట తీసేసిన తర్వాత, చివరి నెలలో ఒక పొద్దున... నా చెయ్యి పట్టుకుని బొమ్మల పెట్టె మీద పెట్టావు. తర్వాత నీ గొంతు మీద, కుట్లు పడిన చోట. తర్వాత నా గొంతు మీద పెట్టి కదలకుండా అదిమి పట్టావు. నేను చెయ్యే చూశాను. చెయ్యి ఆగింది. నా గొంతు పోయింది, నీదీ ఇంక చాలు, ఆట అయిపోయింది అంటున్నావనుకున్నా. నిన్ను ఊరడించాలని, సరేలే మామా, ఆపేస్తాలే, ఇంక పాడనులే అన్నాను. నీ కింది పెదవి అట్లాగే అదిరింది. కళ్ళ వెంట నీళ్ళు కారాయి. నిమ్మళించావనుకుని కొంగుతో తుడిచాను.

ఎంత పని చేశాను...

కాపురానికి వచ్చిన కొత్తలో నాకు పాట ఎట్లా నేర్పావు? నా అరచెయ్యి నీ గొంతు మీద పెట్టుకుని పాడేవాడివి, అదురు తెలియాలని. తర్వాత అదే చెయ్యి నా గొంతు మీద పెట్టి, “ఇప్పుడు నువ్వు పలుకు” అనేవాడివి. ఇది ఎట్లా మరిచిపోయాను మామా? ఆ పొద్దున నువ్వడిగింది ఇదేనా? నీ గొంతు కూడా నన్నే తీసుకోమన్నావా? ఆ తర్వాత పది రోజులు గోడవైపు తిరిగే పడుకున్నావు. దీనికి మన ఆట బరువైపోయిందని అనుకుంటూ పోయావా?

సినిమా అయ్యేలోపే లేచి వచ్చేశాను. వాళ్ళిద్దరూ కలిశారో లేదో నాకు తెలియదు.

నీ మీద కోపం కూడా వస్తోంది. ఆట నేర్చుకునే రోజుల్లో నీ వైపు చూస్తే కసురుకునేవాడివి. “నా మొగంలో ఏముండాదే? తెర సూడు.” తెరే చూశాను. రాజు బొమ్మ నీ గొంతుతో ఏడుస్తుంటే పక్కన నీ మొహం ఎట్లుండేదో ఒక్కనాడూ చూడలేదు. ఇప్పుడు చూద్దామంటే ఎక్కడున్నావు...

ఈ పొద్దున పెట్టె తాడు విప్పాను. రాజు బొమ్మకు మోచెయ్యి దగ్గర కుట్టు తెగి ఉంటే కుట్టాను. మద్దెల దించమని మీ తమ్ముడికి చెప్పాను. ఏం వదినా, అన్న మాట దాటుతాండావా అన్నాడు. దాటడం కాదప్పా, ఇన్నాళ్ళూ దాటినాను, ఇప్పుడు వింటాండా అన్నాను. చిలమత్తూరు వాళ్ళకు ఫోన్ బూత్ నుంచి కబురు చేశాడు. వచ్చే సోమవారం ఆట. రాణి మాటా నేనే, రాజు మాటా నేనే. ఆడదాని గొంతుతో రాజు పలికితే జనం నవ్వుతారేమో. నవ్వితే నవ్వనీ. వాన సంగతి దేవుడు చూసుకుంటాడు.

తెర వెనక నీ చోట నేను నిలబడతాను. పాట ఎత్తుకునే ముందు నా చెయ్యి నా గొంతు మీద పెట్టుకుంటాను. పలుకు అని ఇంకోసారి చెప్పించుకోను. నీ మొగంలో ఏముండాదో నాకు తెలిసింది మామా.

నీ లచ్చిమి